డాక్టరును అడక్కుండా నవ్వకూడదు

నా నోరు ఎండిపోయిందన్న సంగతి ముందుగా కనిపెట్టింది ఓ దారప్పోగు.

మొదటి లాక్‌డౌన్ రోజులు. సూరత్ లింబాయత్‌లో మా సందులోని సాంచాలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. సాంచాలంటే మరమగ్గాలు. పెళ్ళయి సూరత్ వచ్చిన నాటి నుంచి ఆ చప్పుడులోనే కాపురం చేశాను కాబట్టి మా ఇంట్లో మాట్లాడుకోవడం అంటే అరుచుకోవడమే. సాంచాలు ఆగాక కూడా అలవాటు చొప్పున కొన్నాళ్ళు అరుస్తూనే ఉన్నాం. మా ఇంట్లో ఏ కూరో, అందులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో సందులో అందరికీ తెలిసిపోయింది.

ఊరికే కూర్చోలేక, మా ఆయన కార్ఖానాలో మిగిలిన గుడ్డతో మాస్కులు కుట్టడం మొదలుపెట్టాను. పాలిస్టర్ గుడ్డ. పెట్టుకుంటే ఊపిరి ఆడదు, రంగు మాత్రం వెలిసిపోదు. సూదిలోకి దారం ఎక్కించాలంటే కొసను నాలుక మీద పెట్టి తడిపి, రెండు వేళ్ళ మధ్య నలుపుతాం కదా. పెట్టాను. ఎంత పొడిగా వెళ్ళిందో అంత పొడిగానూ బయటికి వచ్చింది. మళ్ళీ పెట్టాను. ఈసారి పెదవికి అంటుకుని రానంది.

గుమ్మంలో కూర్చున్న మా అత్త చూస్తూనే ఉంది.

"ఏందే, గా దారంతోని గంతసేపు కొట్లాడుతున్నవ్? జర నోట్ల వెట్టి తడుపరాదు!"

"పెట్టిన అత్తమ్మా. తడుస్తలేదు."

"తడువకపోతే? నీ నోరేమన్న కరువు పనికి వోయిందా?"

మా అత్తకు ఎంగిలి పట్టింపు జాస్తి. గ్లాసును పెదవికి ఆనించి తాగితే ఆ గ్లాసును చింతపండుతో తోమించే మనిషి. ఆవిడ నా చేతిలోంచి దారం లాక్కుని, కొసను తన నోట్లో పెట్టి తడిపి, కళ్ళజోడు లేకుండా ఒక్క దెబ్బకు సూదిలోకి ఎక్కించి నా చేతిలో పెట్టింది. ఎదుటివాళ్ళ నోటి తుంపర పడితే చస్తారని టీవీలు పొద్దస్తమానం మొత్తుకుంటున్న రోజులవి. అత్త ఎంగిలి దారంతో నేను మాస్కు కుట్టాను. దాని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ప్రజారోగ్యం దృష్టితో చూస్తే అసలు మా వాడలో నా అంత ఆదర్శ పౌరురాలు లేదు. ఉమ్మేద్దామన్నా నా నోట్లో ఏమీ ఉండేది కాదు.

నోట్లో తడి ఎందుకు పోయిందో చెప్పాలంటే ఓ ఏడాది వెనక్కి పోవాలి. నా రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి తీశారు. ఆ తర్వాత సీసాలెక్కించారు. ఆ తర్వాత మావాళ్ళు అన్నట్టు "కరెంటు పెట్టిండ్రు", అంటే రేడియేషన్. అన్నీ అయ్యాక, రోజుకొకటి చొప్పున ఐదేళ్ళు మింగమని ఓ చిన్న మాత్ర రాశారు. ఒంట్లో తయారయ్యే ఆడ హార్మోనే ఆ గడ్డకు తిండి అనీ, ఈ మాత్ర ఆ తిండిని రాకుండా చేస్తుందనీ క్యాన్సర్ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. మా ఆయన అంతకంటే ఓపిగ్గా విని, "అంటే గడ్డకు దాణా బంద్ వెట్టుడన్నట్టు" అని మా భాషలోకి మార్చాడు. అప్పటి నుంచి ఇంట్లో దాని పేరు ఐదేండ్ల గోళి. క్యాన్సరు అన్న మాట మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. మేం బాకీ పడ్డ సేఠ్ పేరెత్తినా ఎత్తేవాళ్ళు గానీ, దాని పేరెత్తేవాళ్ళు కాదు.

గోళి వేసుకుంటే కీళ్ళు పట్టేస్తాయని, ఒళ్ళు భగ్గుమంటుందని చెప్పారు. చెప్పినట్టే పట్టేశాయి, మండింది. మాట మీద నిలబడే మందు. నోటి గురించి చెప్పారో లేదో గుర్తు లేదు. అందుకని నోరు ఎండితే ఎండాకాలాన్ని తిట్టుకున్నాను, ఎండాకాలం పోయాక మాస్కును తిట్టుకున్నాను, మాస్కు తీసినప్పుడు నా భయాన్ని తిట్టుకున్నాను. రొట్టె ముక్క నమిలితే నోట్లో పెట్టిన అట్టముక్కలా అంగిలికి అతుక్కునేది. పచ్చిపులుసులో వేసిన ఒక్క ఎండుమిరపకాయ నాలుకంతా నిప్పు పెట్టేది. పళ్ళు తోముకుంటే బ్రష్షు ఎర్రబడేది. పక్కింటి సూరతీ ఆవిడ ఆవిరి మీద ఉడికించిన మెత్తటి లోచో పంపితే దాన్ని పాలలో ముంచుకుని తిన్నాను. లోచోను అంత అవమానించిన మనిషి సూరత్‌లో ఇంకొకరు ఉండరు.

ఓ రోజు వంటింట్లోంచి అరిచాను. "అత్తమ్మా, నా పండ్లు ఖరాబైతున్నయ్!"

"ఖరాబైతయా మరి? నిన్ననే తెస్తిమి గద! ఫ్రిజ్జుల వెట్టకపోతివా?"

"అరటిపండ్లు కావు. నోట్లయి!"

"నోట్లేసుకున్నంక గూడ ఖరాబైతయే?"

మావైపు భాషలో నోట్లోవీ పండ్లే, బండి మీద అమ్మేవీ పండ్లే. దాని మూలంగా నా మొదటి వైద్య సలహా ఫ్రిజ్ దగ్గరే ఆగిపోయింది.

లాక్‌డౌన్ సడలించాక ఆసుపత్రికి రమ్మన్నారు. స్కాన్ చేసి చూస్తే నా ఎముకలు పలచబడ్డాయట. అది కూడా ఐదేండ్ల గోళి పుణ్యమే. ఆరు నెలలకోసారి ఎముకల కోసం ఓ సీసా ఎక్కించాలన్నారు. మా ఆయన్ను గేటు బయటే ఆపేశారు. లోపల మంచం మీద పడుకుని, బొట్టు బొట్టు దిగుతున్న మందును చూస్తూ ఊరికే ఉండలేకపోయాను. నాకు భయం వేస్తే కొందరికి చెమట పట్టినట్టు జోకు పడుతుంది. "ఏం పోస్తున్నారమ్మా, సిమెంటా? పిల్లర్లకా, స్లాబుకా?" అని నర్సును అడిగాను. పాపం ఆ పిల్ల పొద్దుట్నుంచి ఎవరి ముఖమూ చూడలేదేమో, పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. సరిగ్గా అప్పుడే డాక్టరు వచ్చాడు. మాస్కు మీద మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర. నా వైపు వేలు చూపించి గుజరాతీలో అన్నాడు:

"మనే పూఛ్యా వగర్ దాంత్ నహీ కాఢవానా, హం!"

అనేసి తర్వాతి మంచానికి వెళ్ళిపోయాడు.

గుజరాతీలో 'దాంత్ కాఢవా' అంటే అక్షరాలా పళ్ళు తీయడం. కానీ సందుల్లో దాని అర్థం నవ్వడం. కూరగాయలమ్మే ఆవిడ తన పిల్లల్ని రోజూ "ఏంటా పళ్ళు తీయడం?" అని అదే మాటతో కసురుతుంది. నా గుజరాతీ అంతా ఆవిడ బండి దగ్గర నేర్చుకున్నదే. కాబట్టి నాకు అర్థమైంది ఇది: నన్ను అడక్కుండా నవ్వకూడదు.

ఆ వాక్యం మీద నా కింది దవడ ఆధారపడి ఉందని నాకు తెలియదు. తెలియదు కాబట్టి డాక్టరు మీద గౌరవం పెరిగింది. అంత పనిలోనూ ముఖం కదపకుండా జోకు వేయగలిగిన మనిషి. నా రకమే అనుకున్నాను.

ఇంటికొచ్చి తెలుగులో చెప్పాను. "మన డాక్టర్ సాబ్ తనని అడగకుంట నవ్వొద్దన్నడు." అప్పటి నుంచి అది ఇంట్లో పాట అయిపోయింది. నేను పెదవి కొంచెం కదిపితే చాలు, మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా చేతికిచ్చేది. "మమ్మీ, పెహ్లే డాక్టర్‌కు కాల్ చెయ్. పర్మిషన్ లే." మా ఆయనైతే కార్ఖానాలో పనివాళ్ళకు కూడా చెప్పుకున్నాడు. నిజానికి ఆ రోజుల్లో నవ్వడం కూడా కష్టంగానే ఉండేది. పై పెదవి పళ్ళకు అతుక్కుపోయి, నవ్వు అయిపోయాక కూడా కిందికి దిగేది కాదు. వేలితో దింపుకోవాల్సి వచ్చేది. నేను చాలాసేపు నవ్వానని జనం అనుకునేవాళ్ళు.

మరుసటి ఏడాది కరోనా రెండో విడత వచ్చింది. ఆ నెలల గురించి ఎక్కువ చెప్పను. సందులోకి అంబులెన్సు వస్తే అది ఎవరింటి ముందు ఆగుతుందోనని అందరం తలుపు వెనక నిలబడి వినేవాళ్ళం. ఆ రోజుల్లోనే నా కింది పళ్ళలో ఒకటి, ముందు వరసలో ఎడమ పక్కది, కదలడం మొదలుపెట్టింది.

పన్ను కదిలితే అది పంటి సమస్య అనుకుంటాం. కాదు, నాలుక సమస్య. నా నాలుక ఒక్క క్షణం కుదురుగా కూర్చోదు. వెళ్తుంది, పన్నును ఇటు నెడుతుంది, అటు నెడుతుంది, ఉందని చూసుకుని వెనక్కి వస్తుంది, వచ్చీ రాగానే మళ్ళీ బయల్దేరుతుంది. సాంచా మీద దారం మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడె కూడా అన్నిసార్లు తిరగదు. దానికి కనీసం కండెలో దారం అయిపోయినప్పుడైనా విశ్రాంతి. ఉల్లిగడ్డ కోస్తూ నెట్టేదాన్ని, ఫోన్ మాట్లాడుతూ నెట్టేదాన్ని. డాబా మీద ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ నెట్టేదాన్ని. పుస్తకం పట్టుకుంటే ఒకే పేజీ. టీవీ పెడితే అంతకంటే ఘోరం. పనివాళ్ళు ఊళ్ళకు పోయి సగం సాంచాలే నడుస్తుంటే మా ఆయనకూ కాలు నిలిచేది కాదు. ఇద్దరం ఆ చిన్న ఇంట్లో ఒకరికొకరు అడ్డం వస్తూ తిరిగేవాళ్ళం.

"గట్ల దిరుగకు, నాకు కండ్లు దిరుగుతున్నయ్" అనేవాడు.

"నువ్వు గూర్చో, నేను గూర్చుంట."

"నేనేడ దిరుగుతున్న? నీళ్ళు దాగనీకి వోతున్న."

"గిప్పటికి చెరువు దాగినవ్."

డెబ్బై దాటినా ముప్పై రెండు పళ్ళూ ఉన్న మా అత్త, వేయించిన మక్క గింజలు పటపటా నములుతూ తీర్పు చెప్పింది. "పీకి పారెయ్యే. పీడ వోతది. లవంగం వెడితివి, ఉప్పు నీళ్ళు వుక్కిలిస్తివి, ఇగ దానికి దండం వెట్టుడొక్కటే తక్కువ."

నాకూ అదే నిజమనిపించింది. ఒక్క పన్ను పోతే పోయింది, నాలుకకు కాస్త శాంతి దొరుకుతుంది. ఆ శాంతి కోసం ఇంకో రెండు పళ్ళు అడిగినా ఇచ్చేసే స్థితిలో ఉన్నాను. కేసులు తగ్గి పళ్ళ ఆసుపత్రులు మళ్ళీ తెరవగానే మా అమ్మాయి అడాజన్‌లో ఓ డాక్టరమ్మ దగ్గర టైం తీసుకుంది. స్కూటర్ మీద తాపీ నది వంతెన దాటుతుంటే మాస్కు లోపల నాలుక ఆ పంటికి వీడ్కోలు చెబుతూనే ఉంది. అంత అనుబంధం ఉందని అప్పుడే తెలిసింది.

గుమ్మంలో నుదుటికి తుపాకీ లాంటిది గురిపెట్టి జ్వరం చూశారు. దగ్గుందా, జలుబుందా, వాసన తెలుస్తోందా, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అని అడిగారు. డాక్టరమ్మ తల నుంచి కాలి దాకా తెల్లటి సంచిలో ఉంది. గొంతును బట్టి చిన్న వయసే అనుకున్నాను. బీపీ ఉందా? లేదు. షుగర్? లేదు. గుండె జబ్బు? లేదు. రక్తం పలచబడే మందులేమైనా? లేవు. అన్నింటికీ నిజమే చెప్పాను. రొమ్ములో గడ్డ సంగతి ఆమె అడగలేదు. పంటికీ దానికీ మధ్య ఉన్న దూరం చూసి నేనూ చెప్పలేదు. అడిగిన ప్రశ్నకే జవాబు రాయాలని కాలేజీలో బాగా నేర్పారు.

చిగురు బాగా దిగిపోయిందని, పన్ను నిలవదని, తీసేద్దామని ఆమె అంది. సూది ఇచ్చింది. కాసేపటికి కింది పెదవి నాది కాకుండా పోయింది. ఆమె పట్టకారు చేతిలోకి తీసుకుంది. వెలుతురు కళ్ళలో పడింది. నాకు చెమట పట్టలేదు, జోకు పట్టింది.

మొద్దుబారిన మూతితోనే, గుజరాతీ ఆవిడ కదా, అసలు వాక్యం అసలు భాషలోనే చెబితే రుచిగా ఉంటుందని చెప్పాను. "మా డాక్టర్ సాబ్ కూడా మీలాగే కడక్. ఏమన్నారో తెలుసా? మనే పూఛ్యా వగర్ దాంత్ నహీ కాఢవానా!"

ఇంట్లో ఈ జోకును తెలుగులోనే చెప్పాను కాబట్టి మా అమ్మాయి కూడా దీన్ని గుజరాతీలో వినడం అదే మొదటిసారి. మూల కుర్చీలోంచి ఆ పిల్ల తలెత్తింది. డాక్టరమ్మ చెయ్యి నా గడ్డం దగ్గర గాల్లో ఆగిపోయింది.

"ఏ డాక్టరు?"

"క్యాన్సర్ డాక్టరు."

"ఆయన ఎప్పుడన్నారు ఆ మాట?"

"ఎముకలకు సీసా ఎక్కిస్తుంటే."

పట్టకారు వెళ్ళి ట్రేలో పడింది. టింగుమని చిన్న చప్పుడు. నా జోకులకు ఎవరూ నవ్వకపోవడం నాకు కొత్త కాదు గానీ, జోకు విని పనిముట్లు కింద పెట్టేసిన మనిషిని మొదటిసారి చూశాను.

"మమ్మీ," అంది మా అమ్మాయి, లేచి నిలబడి. "నువ్వు నవ్వొద్దన్నడని చెప్పినవ్ గదా!"

"నవ్వొద్దనే అన్నడు."

"అరే, పీకిచ్చుకోవద్దన్నడు మమ్మీ! దాంత్! నోట్లె దాంత్!"

గుజరాతీలో తీయడానికీ తీయించుకోవడానికీ మధ్య చిన్న సాగదీత మాత్రమే తేడా. ఆయన దాన్ని పలికాడో లేదో గానీ, రెండు మాస్కులూ ఓ ప్లాస్టిక్ తెరా కలిసి మింగేశాయి. మిగిలిన దాన్ని నా చమత్కారం మింగింది.

డాక్టరమ్మ అక్కడి నుంచే క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేసింది. ఇద్దరూ గుజరాతీలో, ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. తర్వాత నా పక్కన స్టూలు వేసుకుని నెమ్మదిగా చెప్పింది. ఎముకల మందు ఎక్కించుకుంటున్నవాళ్ళకు పన్ను పీకితే, అందరికీ కాదు గానీ కొందరికి, ఆ గుంత మానదట. దవడ ఎముక బయటపడి, అక్కడికక్కడే చచ్చుబడే ప్రమాదం ఉందట. ఇక నోరెండటం, నాలుక మండటం, చిగుళ్ళు వదులవడం చాలావరకు ఆ ఐదేళ్ళ మాత్ర వల్లే కావచ్చంది. గడ్డకు తిండి పెట్టిన హార్మోనే నోటిలో తడినీ చిగుళ్ళ పట్టునూ దవడ గట్టితనాన్నీ కూడా పోషిస్తుందట. మా ఆయన భాషలో చెప్పాలంటే, దాణా బంద్ పెడితే ఒక్క గడ్డకే కాదు, కొట్టంలో ఉన్న అన్నింటికీ బంద్ అయింది.

"అయితే మాత్ర ఆపేస్తే?" అని అడిగాను. అడిగానని చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఆ క్షణంలో నాకు ఐదేళ్ళు కనబడలేదు, ఎంగిలి కనబడింది. పులుసుతో ఒక్క ముద్ద మింగడం కనబడింది.

డాక్టరమ్మ క్యాన్సర్ డాక్టరును మళ్ళీ ఫోన్లో కలిపి, స్పీకర్ నొక్కి, అదే ప్రశ్న అడిగింది. "నోటిని మేమిద్దరం చూసుకుంటాం. మాత్ర మీరు చూసుకోండి" అన్నాడు. దవడా, ప్రాణమా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ప్రాణమే అనేదాన్ని, కొంచెం ఆలోచించి.

డాక్టరమ్మ పన్ను పీకలేదు. చిగుళ్ళ కింద గారంతా శుభ్రం చేసింది. ఆ కదిలే పన్నును అటూ ఇటూ ఉన్న గట్టి పళ్ళకు లోపలి వైపు నుంచి సన్నటి తీగతో కట్టి అతికించింది. నోట్లో కొట్టుకోవడానికి ఉమ్మి బదులు పనిచేసే స్ప్రే సీసా ఇచ్చింది. డబ్బు పెట్టి ఎంగిలి కొనుక్కున్న మొదటి మనిషిని మా వంశంలో నేనే.

ఇంటికి రాగానే మా అత్త నా గడ్డం పట్టి వెలుతురు వైపు తిప్పింది.

"గిదేందే, పీకిచ్చుకొస్తనని వోయి పంటికి పుస్తె గట్టిచ్చుకొస్తివి?"

మా ఆయన వంగి, కార్ఖానాలో గుడ్డ చూసినట్టు ఓ కన్ను మూసి చూశాడు. "మంచిగున్నది. పోగు తెగేటట్టుంటే పక్క పోగులకు అతుకుతం గద, గట్లనే. పని తెలిసిన మనిషే."

మా అమ్మాయి జరిగిందంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఒకచోట చేత్తో చేసి చూపించింది. ఆ పట్టకారు గాల్లో ఆగిన చోట. మా ఆయన ఈసారి నీళ్ళకోసం కాకుండా ఊరికే లేచి, వంటింట్లోకి వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడ్డాడు. చివరికి మా అత్తే అడిగింది.

"అయితే గిప్పుడు ఇది నవ్వొచ్చా, నవ్వొద్దా?"

మా అమ్మాయి ఎప్పటిలాగే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

తర్వాత సీసా ఎక్కించే రోజు వచ్చింది. అదే మంచం, అదే బొట్టు బొట్టు. నాలుక మాత్రం మారింది. ఇప్పుడది పన్నును నెట్టడం మానేసి తీగను తడుముతోంది, ముడి ఎక్కడైనా వదులైందేమోనని. శాంతి దొరుకుతుందనుకున్నాను, ఉద్యోగం మారిందంతే. మాత్ర పొద్దున వేసుకునే వచ్చాను. డాక్టరు వచ్చాడు. ఈసారి ఒకటే మాస్కు. నేను మర్యాదగా చెయ్యెత్తి, వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు లోపల సరిచూసుకుని అడిగాను.

"డాక్టర్ సాహేబ్, దాంత్ కాఢూ?"

నవ్వనా, అని.

ఆయన చేతిలో కాగితం ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. మంచం దగ్గరికి గబగబా వచ్చాడు.

"కేటలా?"

ఎన్ని, అని.

ఇన్నేళ్ళు సూరత్‌లో బతికాను గానీ, ఎన్ని నవ్వులు అని లెక్క అడిగిన మనిషిని అదే చూడటం. అనుమతి వచ్చేదాకా ఆగలేకపోయాను. పై పెదవి యథాప్రకారం పళ్ళకు అతుక్కుని అక్కడే ఉండిపోయింది. నాలుక వెళ్ళి తీగను చూసి వచ్చింది. ఉంది. మళ్ళీ వెళ్ళింది.